చేతిలోని దిక్సూచి

పూర్వం కొత్త ఊరికి ప్రయాణమైనవాడు దారి అడుగుతూ వెళ్లేవాడు. పొలిమేరలో పశువుల కాపరి ఒక గుర్తు చెప్పేవాడు. రావిచెట్టు కింద కూర్చున్న పెద్దమనిషి మరొక గుర్తు చెప్పేవాడు. "ఎడమచేతి వైపు చెరువుగట్టు వస్తుంది, గట్టు దిగగానే పుంతదారి పట్టండి, ఎంతో దూరం లేదు" అనే మాటలను నమ్ముకొని ఎన్నో తరాలవారు గమ్యం చేరుకున్నారు. ఆ మాటలలో దూరం అంచనా సరిగా ఉండడం అరుదు. 'కూతవేటు దూరం' అన్నది రెండు కోసులైన సందర్భాలు కోకొల్లలు. కాని వాగు పొంగిన రోజున "ఇవాళ ఆ దారిన పోకండి" అని హెచ్చరించేది కూడా ఆ మనిషే.

నేడు ఆ స్థానాన్ని స్మార్ట్‌ఫోను ఆక్రమించింది. వాహనం నడిపేవాడు గమ్యస్థానం పేరు చెప్పగానే దారి తెరమీద నీలిరేఖగా ప్రత్యక్షమవుతుంది. ఎక్కడ మలుపు తిరగాలో ఒక కంఠం చెబుతుంది. ఈ సేవను అందించే యాప్‌లు కూడా ఒకటి కాదు. గూగుల్ మ్యాప్స్, వేజ్, మన దేశంలో రూపొందిన మ్యాపుల్స్, యాపిల్ ఫోన్లలో ఉండే యాపిల్ మ్యాప్స్, అంతర్జాలం లేకున్నా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ మొదలైనవెన్నో ఉన్నాయి. వీటిలో ఏది మంచిదని అడిగేవారికి ఒక్క పేరుతో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఏ యాప్‌కు ఏమి తెలుసు, అది ఎలా తెలుసు, ఏమి తెలియదు అనే విషయాలను గ్రహించినవాడు తన ప్రయాణానికి తగినదానిని తానే ఎంచుకోగలడు.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఫోను తానున్న చోటును ఉపగ్రహానికి తెలియజేస్తుందని, ఉపగ్రహం పైనుండి చూసి దారి చెబుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి ఉపగ్రహాలు రేడియో సంకేతాలను ప్రసారం చేస్తాయి. ఫోను వాటిని ఆలకిస్తుంది. అంతకుమించి వాటి మధ్య సంభాషణ లేదు. అమెరికా రక్షణశాఖ తన మొదటి జీపీయస్ ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించింది. 24 ఉపగ్రహాల ఆ వ్యవస్థ 1995లో పూర్తిస్థాయికి చేరుకుంది. ఇవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తుంటాయి. ప్రతి ఉపగ్రహంలోను అత్యంత కచ్చితమైన పరమాణు గడియారాలు ఉంటాయి. 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు కాలం ఇంత' అనే సమాచారాన్ని ఉపగ్రహం నిరంతరం పంపుతూ ఉంటుంది. ఆ సంకేతం చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి ఫోను ఉపగ్రహానికీ తనకూ గల దూరాన్ని లెక్కకడుతుంది. కాంతివేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. అందువల్ల కాలగణనలో సెకనులో పదిలక్షలవ వంతు పొరపాటు జరిగినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సరైన కాలం అనే నాలుగూ తేలుతాయి. పౌరులకు అందే సంకేతాలలో అమెరికా ప్రభుత్వం 2000 మే నెల వరకు ఉద్దేశపూర్వకంగా కొంత దోషాన్ని కలిపేది. దానిని తొలగించిన తరువాతనే వీధులలో దారి చూపడానికి జీపీయస్ నిజంగా పనికివచ్చింది.

రష్యా, చైనా, ఐరోపా దేశాలు ఇటువంటి వ్యవస్థలనే నెలకొల్పుకున్నాయి. మన దేశం నిర్మించుకున్న వ్యవస్థ పేరు నావిక్. దీనికి చెందిన తొలి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుండి నింగికి ఎగసింది. నేటి ఫోన్లు వీటిలో పలు వ్యవస్థల సంకేతాలను కలిపి వినియోగించుకుంటాయి. ఆకాశం అడ్డులేకుండా కనిపించే చోట సాధారణమైన ఫోను తన స్థానాన్ని సుమారు 5 మీటర్ల తేడాతో చెప్పగలదు. ఈ పనికి అంతర్జాలంతో అవసరం లేదు.

ఫోను ఆలకించే సంకేతాలు ఏ యాప్‌కైనా ఒకటే. కనుక 'మనం ఎక్కడ ఉన్నాము' అనే విషయంలో ఒక యాప్ గొప్ప, మరొకటి తక్కువ అనడానికి పెద్దగా ఆస్కారం లేదు. అన్నింటికీ ఉమ్మడిగా వచ్చే చిక్కులు మాత్రం ఉన్నాయి. హైదరాబాదులో మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఉన్నది. దానిపైన వెళ్లే కారు, దాని కిందనే రోడ్డుమీద వెళ్లే కారు పటంలో ఒకే గీతమీద కనిపిస్తాయి. ఫోను ఎత్తును కూడా గణిస్తుంది గాని ఆ గణన అంత నమ్మదగినది కాదు. పైన ఉన్నవాడికి 'ఎడమకు తిరగండి' అన్న మాట వినిపించడానికి కారణం ఇదే. ఎత్తైన భవనాల నడుమ సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతాయి. అప్పుడు బాణంగుర్తు పక్క వీధిలోకి గెంతుతుంది. యాప్ మార్చినంత మాత్రాన ఈ బాధ తప్పదు.

యాప్‌ల మధ్య అసలు తేడాలు పటం, రద్దీ సమాచారం, దారిని నిర్ణయించే పద్ధతి అనే మూడింటిలో ఉన్నాయి.

పటం తనంతట తాను తయారు కాదు. ఎవరో ఒకరు రోడ్డును కొలిచి, పేరు వ్రాసి, ఏకముఖ మార్గమో కాదో గుర్తించాలి. గూగుల్ మ్యాప్స్ 2005లో వెలువడింది. ఉపగ్రహ చిత్రాలు, వీధులలో తిరిగే కెమెరా వాహనాలు, స్థానిక సంస్థల సమాచారం, వినియోగదారులు పంపే సవరణలు దానికి ఆధారాలు. 1995లో రాకేష్ వర్మ, రష్మి వర్మ దంపతులు స్థాపించిన సంస్థ మ్యాప్‌మైఇండియా పేరుతో భారతదేశపు రోడ్లకు పటాలు సిద్ధం చేసింది. మ్యాపుల్స్ యాప్ ఆ సంస్థదే. స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకరమైన మలుపులు ముందుగా చెప్పడం, పెద్ద కూడళ్లలో ఏ వరుసలో వెళ్లాలో బొమ్మ గీసి చూపడం దాని ప్రత్యేకత. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మరొక విధమైనది. దానిని ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద సేవకులు గీస్తారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆర్గానిక్ మ్యాప్స్ ఈ పటం మీదనే ఆధారపడింది. ఉత్సాహవంతులున్న ఊరిలో సందుగొందులతో సహా కనిపించే ఈ పటంలో, ఎవరూ పట్టించుకోని ఊరు ఒక చుక్కగా మిగిలిపోతుంది.

పటం తప్పుగా ఉంటే ఏమవుతుందో 2012లో లోకానికి తెలిసివచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో యాపిల్ సంస్థ తన స్వంత పటాలను విడుదల చేసింది. డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర పోలీసులు ఒక హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. మిల్డ్యూరా అనే పట్టణానికి బయలుదేరినవారిని ఆ పటం దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో నీరులేని జాతీయవనం మధ్యకు చేర్చింది. యాపిల్ అధిపతి టిమ్ కుక్ అంతకు ముందే సెప్టెంబరులో క్షమాపణ చెప్పి, తమ యాప్ మెరుగుపడేంతవరకు ఇతర సంస్థల పటాలను వాడుకొమ్మని సూచించారు. ఆ తరువాత ఆ పటాలు ఎంతో బాగుపడ్డాయి. వాటిని యాపిల్ ఫోను ఉన్నవారు నిస్సంకోచంగా పరిశీలించవచ్చు.

మన ఊళ్లకు సంబంధించిన ఇబ్బంది వేరు. మన చిరునామాలలో ఇంటి నంబరు కన్న 'ఆంజనేయస్వామి గుడి ఎదురుగా', 'పాత సినిమాహాలు వెనుక' అన్న మాటలే ఎక్కువ పనిచేస్తాయి. సినిమాహాలు కూల్చివేసి ఇరవై ఏళ్లయినా గుర్తు మాత్రం పోదు. ఇటువంటి చిరునామాను యంత్రం అర్థం చేసుకోవడం కష్టం. అందుకే గమ్యస్థానాన్ని పేరుతో వెదకడంకన్న, వెళ్లవలసిన ఇంటివారిచేత వారున్న చోటును ఫోనులో పంపించుకోవడం మేలు. ఒకే పేరుగల గ్రామాలు ఒకే జిల్లాలో రెండు మూడు ఉండడం కూడా మనకు కొత్త కాదు. బయలుదేరే ముందు మండలం పేరు సరిచూసుకోని ప్రయాణికుడిని ఏ యాప్ కూడా రక్షించలేదు.

ఇక రద్దీ సంగతి. తెరమీద ఒక రోడ్డు ఎర్రగా కనిపిస్తే అక్కడ వాహనాలు నిలిచిపోయాయని గ్రహిస్తాము. ఆ విషయం యాప్‌కు చెప్పిందెవరు? ఆ రోడ్డుమీద ఉన్న ఫోన్లే. వాహనాలలోని ఫోన్లు తమ స్థానాన్ని, వేగాన్ని పేర్లు లేకుండా సంస్థకు పంపుతుంటాయి. వేగం తగ్గితే గీత రంగు మారుతుంది. ఈ రహస్యాన్ని బెర్లిన్ నగరానికి చెందిన సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు వినోదంగా బయటపెట్టాడు. 99 పాత ఫోన్లను చిన్న తోపుడుబండిలో వేసి, ఖాళీ వీధిలో నెమ్మదిగా లాగుకుంటూ నడిచాడు. గూగుల్ పటంలో ఆ వీధి ఎర్రబారింది. 2020 ఫిబ్రవరిలో అతడు దీనిని ప్రకటించాడు. యాప్ రోడ్డును చూడడం లేదని, ఫోన్ల కదలికను బట్టి ఊహిస్తున్నదని ఇంతకన్న చక్కగా చెప్పడం కష్టం.

దీనిని బట్టి రద్దీ సమాచారం విషయంలో ఎక్కువమంది వాడే యాప్‌దే పైచేయి అని తెలుస్తుంది. ఇజ్రాయెల్‌లో పుట్టిన వేజ్ ఈ సూత్రాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లింది. ప్రమాదం జరిగినా, రోడ్డుమీద చెట్టు పడినా, పోలీసు తనిఖీ ఉన్నా దాని వినియోగదారులు ఒక మీట నొక్కి తోటివారికి తెలియజేస్తారు. 2013లో గూగుల్ ఈ సంస్థను కొనుగోలు చేసినప్పటికీ యాప్ వేరుగానే కొనసాగుతున్నది. ఊరుమ్మడిగా కబురు చెప్పుకునే పాత పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది. అయితే కబురు చెప్పేవారు పదిమంది ఉన్నచోటనే దాని గొప్పతనం. వేజ్ వాడేవారు లేని పల్లెదారిలో అది మూగది.

మూడవ విషయం దారి నిర్ణయం. దీని వెనుక అందమైన గణితం ఉన్నది. నెదర్లాండ్స్ దేశస్థుడైన ఎడ్జ్‌గర్ డైక్‌స్ట్రా 1956లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో తనకు కాబోయే భార్యతో కలిసి అంగళ్లు తిరిగి, అలసి ఒక కాఫీహోటలులో కూర్చున్నాడు. రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారిని కనుగొనడమెలా అనే ప్రశ్నకు కాగితం, పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాలలో అక్కడే పరిష్కారం ఆలోచించాడు. 1959లో ప్రచురితమైన ఆ పద్ధతికి ఎన్నో మెరుగులు దిద్ది నేటికీ వాడుతున్నారు. కూడళ్లను బిందువులుగా, రోడ్లను వాటిని కలిపే గీతలుగా భావించి, ప్రతి గీతకు ఒక 'ఖర్చు' నిర్ణయించి, మొత్తం ఖర్చు అతి తక్కువగా ఉండే దారిని వెదకడం ఇందులోని సారాంశం. సాధారణంగా యాప్‌లు ఆ ఖర్చును కాలంతో కొలుస్తాయి. గుంతలు, చీకటి, ఎదురుగా లారీ వస్తే తప్పుకోవడానికి చోటులేని ఇరుకుదనం ఆ లెక్కలోకి అన్నివేళలా రావు. మూడు నిమిషాలు కలిసివస్తుందంటే చాలు, విశాలమైన రహదారిని విడిచి డొంకదారిలోకి తిప్పే స్వభావం దీనివల్లనే వచ్చింది. ఇరుకుదారుల గురించి ఫిర్యాదులు పెరగగా, 2024 జూలైలో గూగుల్ సంస్థ కార్లు ఇరుకు రోడ్లను తప్పించుకునే ఏర్పాటును హైదరాబాదుతో సహా ఎనిమిది భారతీయ నగరాలకు ప్రకటించింది.

ఒకరికి లాభించిన అడ్డదారి అందరికీ చూపితే అది అడ్డదారిగా ఉండదు. అమెరికాలో న్యూయార్కు నగరానికి వెళ్లే జార్జి వాషింగ్టన్ వంతెన సమీపంలో లియోనియా అనే చిన్న పట్టణం ఉన్నది. వంతెనవద్ద రద్దీ పెరిగినప్పుడల్లా యాప్‌లు వేలాది కార్లను ఆ పట్టణపు వీధులలోకి మళ్లించేవి. ఇంటిముందు నుండి కారు బయటకు తీయలేక విసిగిన పట్టణపాలకులు 2018 జనవరిలో రద్దీవేళలలో 60 వీధులను బయటివారికి మూసివేశారు. తరువాత న్యాయస్థానం ఆ ఆజ్ఞను చెల్లదన్నది. అది వేరే కథ.

ఇప్పుడు ఎంపిక విషయానికి వద్దాము. నగరంలో ప్రతిదినం కార్యాలయానికి వెళ్లివచ్చేవారికి రోడ్డు తెలుసు. తెలియనిది ఆనాటి రద్దీ మాత్రమే. వారికి గూగుల్ మ్యాప్స్ గాని, వాడేవారు తగినంతమంది ఉన్న నగరమైతే వేజ్ గాని ఉపయుక్తం. మోటారుసైకిలు నడిపేవారికి గూగుల్ మ్యాప్స్ 2017 డిసెంబరులో భారతదేశంలో ప్రత్యేక విభాగాన్ని ప్రవేశపెట్టింది. అందులో చూపే సందులోకి కారు పట్టకపోవచ్చును. కాబట్టి కారులో ఉన్నప్పుడు ఆ విభాగం ఎంపికై ఉన్నదేమో సరిచూసుకోవాలి. ఇంగ్లీషు కంఠం అలవాటు లేని పెద్దలకు తెలుగులో ఊళ్ల పేర్లు చూపే సౌకర్యం ఏ యాప్‌లో ఉన్నదో చూడడం అవసరం. గూగుల్ పటాలలో 2021 నుండి తెలుగు లిపిలో స్థలనామాలు విస్తృతంగా కనిపిస్తున్నాయి.

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్లే ప్రయాణికుడి పరిస్థితి వేరు. నల్లమల అడవిలో ప్రవేశించిన తరువాత చాలాదూరం సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. జీపీయస్ పనిచేస్తూనే ఉంటుంది గాని, పటం అంతర్జాలం నుండి రావలసినదైతే తెరమీద బాణంగుర్తు ఖాళీ నేపథ్యంలో తేలుతూ ఉంటుంది. వేజ్‌లో ఒక ప్రాంతపు పటాన్ని ముందుగా దింపుకొనే వీలు లేదు. గూగుల్ మ్యాప్స్‌లో ఉన్నది. యాపిల్ మ్యాప్స్‌లో 2023 నుండి ఉన్నది. ఆర్గానిక్ మ్యాప్స్ ఆ ఉద్దేశంతోనే రూపొందింది. ఇంటివద్దనే పటాన్ని దింపుకొని బయలుదేరినవాడికి అడవిలో ఆందోళన ఉండదు. ఇదే మార్గంలో మరొక విశేషమున్నది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఈ రోడ్డుమీద మన్ననూరు తనిఖీ కేంద్రం వద్ద రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. రాత్రి ఎనిమిది దాటాక బయలుదేరిన కుటుంబానికి ఫోను నీలిగీత చూపినా, గేటు వద్ద తెల్లవారే వరకు ఆగక తప్పదు. ఈ సమాచారం అచ్చంపేటలో టీకొట్టువాడిని అడిగినా చెబుతాడు.

గేటు వద్ద ఆగడం వల్ల కలిగేది నిద్రాభంగం మాత్రమే. కొన్ని సందర్భాలలో జరిగిన నష్టం ప్రాణాంతకమైనది. 2024 మే నెలలో హైదరాబాదు నుండి కేరళ విహారానికి వెళ్లిన నలుగురు అలప్పుళకు ప్రయాణిస్తూ, కొట్టాయం జిల్లాలోని కురుప్పంతర వద్ద, రాత్రివేళ నావిగేషన్ చూపిన దారినే నమ్మి ముందుకు సాగారు. వాననీటితో రోడ్డు, వాగు ఏకమై ఉన్నాయి. కారు వాగులో మునిగింది. స్థానికుల, పోలీసుల సహాయంతో నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. అదే సంవత్సరం నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపంలో ముగ్గురు యువకులకు ఆ అదృష్టం దక్కలేదు. రామగంగా నదిమీది వంతెనలో కొంతభాగం అంతకు పూర్వమే వరదలలో కొట్టుకుపోయింది. ఆ సంగతి పటంలో నమోదు కాలేదు. అంతకన్న ఘోరమైన విషయం, వంతెన మొదట సరైన అడ్డుకట్ట గాని, హెచ్చరిక బోర్డు గాని లేకపోవడం. కారు నేరుగా నదిలో పడింది. పోలీసులు ప్రజాపనుల శాఖ ఇంజనీర్లతో పాటు పటాల సంస్థ ప్రతినిధిపై కూడా కేసు నమోదు చేశారు.

ఈ ముగ్గురి మరణానికి యాప్‌ను మాత్రమే నిందించడం న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. విరిగిన వంతెనకు అడ్డంగా గోడ కట్టడం ప్రభుత్వశాఖ బాధ్యత. అయితే యాప్ స్వభావాన్ని ఈ ఘటన స్పష్టంగా చూపుతున్నది. వాహనాలు ఆగిపోయిన రోడ్డును అది రద్దీగా గుర్తిస్తుంది. అసలు వాహనాలే వెళ్లని రోడ్డును గూర్చి దానికి కొత్త సమాచారం అందదు. అటువంటి దారి పటంలో రద్దీలేని ప్రశాంతమైన మార్గంగా కనిపించవచ్చు. నీలిగీత మీద ఎరుపు లేదంటే అర్థం దారి బాగున్నదని కావచ్చు, అక్కడినుండి కబురు చెప్పేవారే లేరని కూడా కావచ్చు. వానాకాలపు రాత్రి, తెలియని పల్లెదారి, ఎదురుగా ఒక్క దీపమైనా రాకపోవడం అనే మూడూ కలిసినప్పుడు రెండవ అర్థాన్నే తీసుకొని వాహనాన్ని నిలపాలి. ఐదారు నిమిషాలు ఎక్కువైనా జాతీయ రహదారినే పట్టుకొని పోవడం ఉత్తమం.

ఫోనును ఎక్కడ ఉంచాలన్నది కూడా ఎంపికలో భాగమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం నడుపుతూ ఫోను చేతబట్టడం ప్రమాదకరమైన చోదనం కిందకు వస్తుంది. మొదటి తప్పుకు 1,000 నుండి 5,000 రూపాయల వరకు జరిమానా గాని, జైలుశిక్ష గాని, రెండూ గాని విధించవచ్చు. 2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనలు దారి తెలుసుకోవడానికి ఫోనును వాడవచ్చునని అంగీకరించాయి. నడిపేవాని ఏకాగ్రత చెదరరాదన్న షరతు పెట్టాయి. ఫోనును అద్దం దగ్గర పట్టీలో బిగించి, గమ్యాన్ని బండి కదలకముందే నమోదు చేసి, తరువాత కంఠాన్ని మాత్రమే వినాలి. అందువల్ల తెర ఎంత అందంగా ఉన్నదో చూసి యాప్‌ను ఎంచుకోవడం పొరపాటు. మలుపును ఎంత ముందుగా, ఎంత స్పష్టంగా చెబుతున్నదో తెలిసిన రోడ్డుమీద ఒకసారి పరీక్షించి చూస్తే చాలు.

దారి మూసివేశారని, రోడ్డు తప్పుగా గీశారని తెలిసినప్పుడు సంస్థకు తెలియజేసే ఏర్పాటు ఈ యాప్‌లన్నింటిలోను ఏదో ఒక రూపంలో ఉన్నది. వేజ్‌లో అది ముఖ్యమైన మీట. గూగుల్ మ్యాప్స్‌లో సవరణ సూచించే విభాగం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనైతే సభ్యులుగా చేరినవారు పటాన్నే స్వయంగా దిద్దవచ్చును. కాలేజీకి వెళ్లే దారిలో కల్వర్టు కూలిన సంగతి ఆ ఊరి విద్యార్థులకు తెలిసినంత త్వరగా ఏ ఉపగ్రహానికీ తెలియదు. బండి పక్కకు నిలిపి ఆ మాట నమోదు చేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రాత్రి అదే దారిలో కొత్తవారి కారు వస్తూ ఉండవచ్చు.